లోలాక్షి మోకాళ్ల మీద నిలబడిన మేడ

మొదటి రోజు

కింగా గారు రోజూ రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. నేను అయిదో తరగతి దాకా చదివాను. నీ భాషలోనే రాయి, తప్పులుంటే యంత్రం సర్దుకుని నాకు చదివి పెడుతుంది అని ఆవిడ అన్నారు. కింగా గారు ఈ మేడకు ఇంజనీరు. పొద్దున్నే ఈ బరువు గదిలో నేను తప్ప ఎవరూ ఉండరు. అందుకని ఏం జరిగినా నేనే చూడాలట, నేనే రాయాలట.

నా పేరు సూరాడ దానమ్మ. వార్సా నగరంలో అన్నిటికన్నా ఎత్తైన మేడలో, బరువు గది ఉన్న నూటపదహారో అంతస్తు తుడుస్తాను. ఈ ఊళ్లో పెద్ద మేడలు మూడు. ఒకటి మాది, నూటపద్దెనిమిది అంతస్తులు. ఒకటి నది పక్కది, మాకన్నా పదకొండు తక్కువ. ఇంకొకటి రైలు స్టేషను వెనకాలది. పూర్వం గడియారం ఉన్న రాతి మేడే ఊరంతటికీ పెద్దదట. ఇప్పుడు మా కిటికీలోంచి చూస్తే అది కింద ఎక్కడో పీట వేసినట్టు కనిపిస్తుంది. చలికాలంలో ఒకరి ఇంటి వెచ్చదనం పై ఇంటివాళ్లకు అందాలని జనాన్ని ఇలా నిలువుగా పెట్టారని లోలాక్షి చెప్పేది.

లోలాక్షి నా కూతురు. పోయి ఏడు నెలలయింది.

గది మధ్యలో ఏడువందల టన్నుల ఇనుప బరువు లావుపాటి తీగల మీద వేలాడుతుంది. గాలికి మేడ ఒక పక్కకు వంగబోతే ఈ బరువు రెండో పక్కకు జరిగి నిలబెడుతుంది. ఎప్పుడు జరగాలో, ఎంత జరగాలో ఇనుముకు ఏం తెలుసు? అది మనిషి దగ్గర నేర్చుకోవాలి. నది పక్క మేడకు మంచు కొండల మీద జారే ముసలాయన నేర్పాడు. స్టేషను వెనకాల మేడకు సర్కసులో తీగ మీద నడిచే అక్కచెల్లెళ్లు నేర్పారు. మా మేడకు నా కూతురు నేర్పింది. పాదాలకు, మోకాళ్లకు, నడుముకు తీగలు కట్టుకుని కదిలే బల్ల మీద రెండేళ్లు నిలబడింది. పని అయిపోయిన ఏడాదికి ఒక ఉదయం స్నానానికి వెళ్తూ తలలో నరం తెగి పడిపోయింది. ఎవరి తప్పూ లేదని డాక్టర్లు రాసి ఇచ్చారు. ఇరవై ఆరేళ్లు. ఆఖరి చూపుకు వచ్చినదాన్ని నేను మళ్లీ మా ఊరు వెళ్లలేదు. కింది అంతస్తుల్లో అయిదు నెలలు తుడిచాక ఈ గది అడిగాను. ఇచ్చారు.

ఇక్కడికి వచ్చి నెలన్నర. సరిగ్గా ఆ నెలన్నరగానే మేడ రోజూ ఉదయం అయిదూ నలభైకి, గాలి లేకుండానే, పైన నాలుగు వేళ్ల మేర ఒరుగుతోందట. కాసేపటికి మళ్లీ నిలబడుతోందట. ఎందుకో ఎవరికీ అంతుపట్టడం లేదు.

ఈ రోజు నేల తుడిచాను. బరువు చుట్టూ, అది వేలాడే దూలానికే గొలుసులతో వేలాడే నడక పలక ఒకటి ఉంది, అది తుడిచాను. బరువు కొంచెం కదిలింది. అది ఎప్పుడూ కొంచెం కదులుతూనే ఉంటుంది. నాకేమీ వేరుగా తెలియలేదు.

రెండో రోజు

కింగా గారు ఒక కాగితం తెచ్చారు. ఇద్దరం పలక పక్కన మెట్టు మీద కూర్చున్నాం. ఆవిడ గాజు గ్లాసులో నిమ్మచెక్క వేసిన టీ తెచ్చి నాకూ ఇచ్చారు. ఆవిడ మాట నా చెవిలో యంత్రం తెలుగు చేసి చెబుతుంది, వార్తలు చదివినట్టు ఉంటుంది.

పై అంతస్తుల వాళ్లు గోల చేస్తున్నారట. గ్లాసులో నీళ్లు వాలుతున్నాయి, ముసలివాళ్లకు తల తిరుగుతోంది, రెండు చోట్ల అద్దాల అతుకులు విడిపోయాయి. ఇరవై రోజుల్లో బాగుచేయకపోతే పై నలభై అంతస్తులూ ఖాళీ చేయిస్తామని నగరం వాళ్లు రాశారట. కారణం తెలియదు గనక బరువుకు నేర్పినదంతా చెరిపేసి, మనిషి ప్రమేయం లేని కొత్త లెక్క ఎక్కించాలంటున్నారు. అయితే మనిషి దగ్గర తీసుకున్న నిలకడ ఆ మనిషి తరవాత వాళ్ల ఇంటివాళ్లదే. నేను సంతకం పెడితే తప్ప చెరపడానికి లేదు.

"నా పిల్ల అందులో ఉందా, లేదా? ఆ మాట సెప్పండి" అన్నాను.

కింగా గారు టీ గ్లాసు మెట్టు మీద పెట్టారు. "ఆమె లేదు. ఆమె నిలబడే తీరు ఉంది" అని చెవిలో వినిపించింది.

నిలబడే తీరు ఉంటే మనిషి లేనట్టు ఎలా అవుతుందో నాకు తెలియలేదు. మనిషి ఉన్నప్పుడు మాత్రం మనకు కనిపించేది ఏమిటి? కూర్చునే తీరు, నడిచే తీరు, అన్నం కలిపే తీరు. అవే కదా. అవి కాక లోపల ఇంకేదో ఉంటే దాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ఈ మాటే ఆవిడతో అన్నాను. తనకు ఇంజనీరింగు మాత్రమే వచ్చని ఆవిడ అన్నారు.

కాగితం నా దగ్గర పెట్టి వెళ్లారు. సంతకం పెట్టలేదు.

నాలుగో రోజు

ఏమీ జరగలేదు. నేల, పలక తుడిచాను.

అయిదో రోజు

ఏమీ జరగలేదు.

ఆరో రోజు

తుడిచాను. ఏమీ లేదు.

ఏడో రోజు

నూటనాలుగో అంతస్తులో హలీనా అనే ఎనభై ఒక్క ఏళ్ల ఆవిడ నిన్న పొద్దున పడిపోయింది. మణికట్టు విరిగింది. లిఫ్టు దగ్గర ఆవిడను చూశాను. చేతికి తెల్ల కట్టు. నా ముసలితనంలో మేడకు నాట్యం మీద మనసు పడింది, నాకు అలవాటు తప్పింది అని లిఫ్టులో అందరికీ చెప్పి నవ్వించింది. నేను నవ్వలేకపోయాను. నేల చూస్తూ నిలబడ్డాను.

నాలుగో రోజు, అయిదో రోజు, ఆరో రోజు రాసినవి అబద్ధాలు. ఇప్పుడు నిజం రాస్తున్నాను. కింగా గారూ, యంత్రం సరిగ్గా చదివి పెట్టాలి.

మా ఊరు సముద్రం ఒడ్డున. నూనె దొరక్క మరపడవలు ఆగిపోయాక మా వైపు మళ్లీ తెప్పలు వచ్చాయి. తెప్ప అంటే నాలుగైదు దుంగలు కలిపి తాళ్లతో కట్టినది, అంతే. మా ఆయన పోయాక ఇంట్లో మగవాళ్లు లేరు. ఆడవాళ్లు చేపల వేటకు వెళ్లరు మాలో. ఊరు నానా మాటలూ అంది. అయినా నేనూ లోలాక్షీ వెళ్లాం, దానికి పన్నెండో ఏడు వచ్చినప్పటి నుంచి. తెప్పను కెరటాల్లోకి నెట్టేది నేను. తెడ్డు పట్టుకుని పైన ఉండేది అది. నడుం లోతు నీళ్లలో నెట్టి నెట్టి, ఆఖరున నేను ఎక్కాలి. ఎక్కేటప్పుడు ఎడమ కాలు అంచు మీద ఆనించి అర శ్వాస ఆగాలి. ఆ అర శ్వాసలో పైనున్న మనిషి రెండో అంచుకు జరగాలి. జరగకపోతే తెప్ప తిరగబడుతుంది. చూడక్కర్లేదు, చెప్పక్కర్లేదు. కాలు ఆనగానే వీపు అటు తిప్పుకుని ఉన్న మనిషి కూడా జరుగుతుంది. పదేళ్లు నేను కాలు పెట్టాను, అది జరిగింది. ఒక్కరోజు కూడా నేను దాన్ని జరగమని అనలేదు. అది తెప్ప మీద నిలబడే తీరు చూసే ఈ మేడవాళ్లు దాన్ని ఇక్కడికి తెచ్చుకున్నారు.

కదిలే దేని మీదికి ఎక్కాలన్నా నా కాలు ఇప్పటికీ అలాగే ఆగుతుంది. బస్సు ఎక్కినా అంతే. ఈ పలక గొలుసుల మీద ఊగుతుంది కదా. రోజూ బూట్లు విప్పి, ఎడమ కాలు ఆనించి, ఆగి, ఎక్కుతున్నాను. ఆగుతున్నానని కూడా నాకు తెలియదు.

నాలుగో రోజు కాలు ఆనించాక చెవిలో యంత్రం జారింది. తీసుకోవడానికి కాలు వెనక్కి తీశాను. తలెత్తేసరికి బరువు నాకు అవతలి పక్కకు జరిగి ఉంది. మెల్లగా వెనక్కి వచ్చింది. మళ్లీ కాలు ఆనించాను. మళ్లీ అవతలికి జరిగింది. గోడ మీద గడియారం అయిదూ నలభై చూపిస్తోంది.

నేను నలభై ఎనిమిది కిలోలు ఉంటాను. అంత ఇనుము నాకోసం జరిగింది.

అయిదో రోజు ఆరు సార్లు కాలు పెట్టాను. ఆరో రోజు పదకొండు సార్లు. పెట్టడం, చూడడం, తీయడం. ఆ పొద్దున నాకు మేడ గుర్తులేదు, కింద మూడువేల మంది గుర్తులేరు. అమ్మ ఎక్కుతోంది అని అది జరుగుతోంది, అంతే అనుకున్నాను. ఆ పదకొండు సార్లలో ఏదో ఒకసారి హలీనా గారు పడ్డారు. ఆవిడ చెయ్యి విరగ్గొట్టింది నేను.

ఎనిమిదో రోజు

కింగా గారు తెల్లవారకముందే వచ్చి నాకోసం కూర్చున్నారు. తిట్టలేదు. నిన్న నేను రాసింది రెండు సార్లు చదివించుకున్నానని అన్నారు. ముందు తను ఎక్కి చూస్తానన్నారు. ఆవిడ ఎక్కారు, బరువు కదలలేదు. నేను చెప్పినట్టు బూట్లు విప్పి ఎడమ కాలు పెట్టి ఆగారు. కదలలేదు. ఆవిడ ఆగడం మెట్టు దగ్గర ఆగినట్టు ఉంది. ఒళ్లంతా వెనకే ఉండిపోయింది. మావాళ్లు ఆగినప్పుడు ఒళ్లు అప్పుడే సగం ఎక్కేసి ఉంటుంది. అది ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

తరవాత నేను కాలు పెట్టాను.

జరిగింది. కింగా గారు గోడకు ఆనుకుని నిలబడిపోయారు. ఆవిడ చేతిలో ఉన్న చిన్న తెర మీద ఒరుగు చూపించే గీత పైకి లేచింది, నాలుగు వేళ్లు. మూడేళ్లుగా ఈ మేడ చూస్తున్నాను, ఇలాంటిది చూడలేదు అన్నారు. మొహం తుడుచుకుని మళ్లీ లెక్కల్లో పడ్డారు.

ఈ రోజంతా నాకు నేల మీద కాలు ఆనలేదు. ఆవిడకు జరగలేదు, నాకు జరిగింది. అది నన్ను పోల్చుకుంది.

తొమ్మిదో రోజు

ఈ సంగతి ఎవరికైనా చెప్పుకోకపోతే గుండె పగిలేట్టు ఉంది. నలభయ్యో అంతస్తు భోజనశాలలో మైలపల్లి తవిటయ్య గిన్నెలు కడుగుతాడు. మాకు రెండూళ్ల అవతల వాడు, అతనూ వేటవాడే. నన్ను అప్పా అంటాడు, అంటే మా వైపు అక్క అని. పని కాగానే పైకి తీసుకొచ్చాను. నిజమే, కింగా గారి అనుమతి అడగలేదు. అదీ నా తప్పే.

నా బిడ్డ నన్ను ఎలా పోల్చుకుంటుందో చూడు అని చెప్పి కాలు పెట్టాను. జరిగింది. తవిటయ్య నోరు తెరుచుకుని చూశాడు. చూసి, చెప్పులు విప్పి, లుంగీ కాస్త ఎగ్గట్టి, నేను ఆగు అనే లోపల తనూ ఎడమ కాలు ఆనించాడు.

బరువు జరిగింది. నాకు ఎంత జరిగిందో అంతే.

అక్కడే కూలబడ్డాను. తవిటయ్య గబుక్కున కాలు తీసేశాడు, ఏదో పాడుచేసినవాడిలా.

"నీకూ జరిగిందేట్రా" అన్నాను.

"జరక్కపోతే నాను మునిగిపోనా అప్పా" అన్నాడు. నవ్వించాలనుకున్నాడు, కుదరలేదు. వచ్చి పక్కన కూర్చున్నాడు. కాసేపటికి మెల్లగా అన్నాడు: "అది నిన్ను సూసి జరగనేదు. నన్ను సూసీ జరగనేదు. ఎక్కుతున్న మనిసిని సూసి జరిగింది. నీ పిల్ల అలాగే కదా అప్పా. ఎవులెక్కినా జరిగీది."

అవును, అది ఎవరు ఎక్కినా జరిగేది. పక్క ఊరి తెప్ప తిరగబడి ఒకసారి ఇద్దరు ఈదుకుంటూ వస్తే వాళ్లకూ ఇలాగే జరిగి చోటిచ్చింది. మరి ఇప్పుడు నేను ఏమనుకోవాలి? నన్ను పోల్చుకోలేదు గనక అది నా కూతురు కాదనుకోనా? అందరికీ జరుగుతుంది గనక అది నా కూతురే అనుకోనా? రెండూ నిజంలాగే ఉన్నాయి. ఒకటి అనుకుంటే రెండోది వచ్చి ఎదురుగా నిలబడుతోంది. బుర్ర పనిచేయడం లేదు. ఈ రోజు పలక తుడవలేదు.

పదో రోజు

తవిటయ్య సంగతి చదివించుకుని కింగా గారు మొదట కోప్పడ్డారు. నిన్న సాయంత్రం కూడా మేడ రెండు సార్లు ఒరిగిందని ఫిర్యాదులు వచ్చాయట. తరవాత కూర్చుని విడమరిచి చెప్పారు.

ఈ ఒక్క అలవాటు తీసేసి మిగతాది ఉంచలేమా అని నేనే అడిగాను. కుదరదట. గాలికి నిలబడేదీ, ఎక్కేవాళ్లకు జరిగేదీ అవే మోకాళ్లు. ఒకటి తీస్తే రెండూ పోతాయి. కారణం తెలిసింది గనక చెరపక్కర్లేదు, మీరు ఆ గదిలోకి రాకపోతే చాలు, కింద పన్నెండో అంతస్తులో పని ఇప్పిస్తాను అన్నారు. ఆవిడ మంచికే అన్నారు.

"వత్తాను. గానీ పిలవను" అన్నాను.

ఆవిడకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. మీలాగా ఎక్కడం నేర్పండి, ఆగకుండా, కుడికాలితో, బూట్లు విప్పకుండా. ఏడు నెలలుగా ఈ మేడను పట్టుకుని బతుకుతున్నాను, ఇంకెక్కడికీ పోలేను.

ఒక్కసారి మరిచిపోయినా ఇంకెవరి చెయ్యో విరుగుతుంది దానమ్మ గారూ, దానికి నేనేం సమాధానం చెప్పాలి అన్నారు కింగా గారు. నిజమే. నా దగ్గరున్న కాగితం తీసి సంతకం పెట్టి ఆవిడ చేతికిచ్చాను. మీ సొరుగులో పెట్టుకోండి. గాలి లేని రోజున మేడ ఒక్క వేలు ఒరిగినా ఈ కాగితం పైవాళ్లకు పంపేయండి, నన్ను అడగక్కర్లేదు అన్నాను. సంతకంలో అక్షరాలు వంకర పోయాయి. చెల్లుతుందా అంటే చెల్లుతుందన్నారు.

పదమూడో రోజు

మూడు రోజులుగా నడక నేర్చుకుంటున్నాను, యాభై ఏళ్లు వచ్చాక. కింది వరండాలో కింగా గారు ఒక బల్లను తాళ్లతో వేలాడదీయించారు. ఆవిడ ముందు ఎక్కి చూపిస్తారు, నేను వెనక ఎక్కుతాను. కుడికాలు పెట్టడం వచ్చింది. ఆగకుండా ఉండడం రావడం లేదు. మనసుకు చెబితే వింటుంది, మడమ వినదు.

హలీనా గారు కట్టుచెయ్యితో వచ్చి కుర్చీ వేసుకుని చూశారు. ఆవిడకు కారణం చెప్పేశాను. ఆవిడ చేతి కట్టు చూపించి నన్ను క్షమించమన్నాను. ఆవిడ తనకో కొడుకు ఉండేవాడని, వాడు తలుపు తీసే చప్పుడు వేరుగా ఉండేదని మాత్రం చెప్పారు. తరవాత నన్ను అదిలించారు. ట్రాము తలుపు మూసుకుపోతోంది అనుకో, ఎవరూ నీకోసం చోటు చేయరు అనుకో, తోసుకుని ఎక్కు అన్నారు. ఈ ఊరివాళ్లు అలాగే ఎక్కుతారట. అలా అనుకుని ఎక్కితే నలభై సార్లలో ముప్పై తొమ్మిది సార్లు ఆగకుండా ఎక్కాను.

ముప్పై తొమ్మిది చాలదు అన్నారు కింగా గారు.

పదిహేడో రోజు

వరండా బల్ల మీద నలభైకి నలభై సార్లూ ఆగకుండా ఎక్కాక గదిలోకి రానిచ్చారు. బూట్లతో లోపలికి వెళ్లాను. బిడ్డ ఉన్నచోటికి బూట్లతో వెళ్లడం ఒంటికి ఎలాగో అనిపించింది. కుడికాలితో, ఆగకుండా ఎక్కాను. బరువు కదలలేదు. దిగి, తలుపు బయట నిలబడి ఏడ్చాను. లోపల ఏడిస్తే ఒళ్లు కదిలి మళ్లీ ఏం చదువుకుంటుందో అని భయం వేసింది.

పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై

కదలలేదు. నగరం వాళ్లు వచ్చి కొలుచుకున్నారు. ఖాళీ చేయించడం రద్దు చేశారు.

ఇరవై ఒకటో రోజు

తెల్లవారుజాము నుంచి ఉత్తరపు గాలి. ఈ ఏడాదిలో ఇంత గాలి రాలేదని లిఫ్టులో చెప్పుకుంటున్నారు. మూడు మేడలకూ గాలి ఒకేసారి తగిలింది, మిగతా రెండిటినీ కిటికీలోంచి చూశాను, మాది కాళ్ల కింద తెలిసింది. నది పక్కది మెల్లగా పక్కకు జారి మళ్లీ చోటికి వచ్చింది. స్టేషను వెనకాలది సన్నగా వణికి నిలబడింది. మాది మాత్రం గాలికి ఎదురు వెళ్లింది. కెరటం వచ్చేటప్పుడు దానికి ఎదురుగా మోకాలు వంచాలి, వెనక్కి వాలితే మునుగుతాం. ఆ మాట దానికి చెప్పింది నేనే.

బరువు గది అంతా మోగుతోంది. బరువు వస్తోంది, పోతోంది. తొందర లేదు. పెద్ద గాలి వచ్చినప్పుడు ముందే తెలిసినట్టు కాస్త కుంగి, పోయాక లేస్తోంది. దాని నడుము అలాగే ఉండేది. పైన ఎవరి గ్లాసులోనూ నీళ్లు ఒలకలేదని కింగా గారు చెవిలో చెప్పారు. ఇవాళ తుడవకపోయినా పరవాలేదు, ఇంటికి వెళ్లండి అన్నారు. ఇంత గాలిలో నాలుగు వేళ్లు ఎవరూ లెక్కపెట్టరు. ఆవిడ ఆ మాట అనలేదు. నాకే తోచింది.

పలక ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అది నా కూతురో కాదో ఈ రోజూ నాకు తెలియలేదు. తెలిసేది కాదేమో. కాలు ఆనిస్తే జరుగుతుంది, అది మాత్రం తెలుసు. మూడువేల మందిని మోస్తూ కూడా, ఆ గాలిలో కూడా నాకోసం అవతలికి జరుగుతుంది. జరిగితే వాళ్లను నిలబెట్టడానికి దానికి చోటు తగ్గుతుంది.

బూటు తాళ్లు బిగించుకున్నాను. కుడికాలు ముందు పెట్టి ఆగకుండా ఎక్కాను. పలక ఒక్కసారిగా అటు ఒరిగి, ఇటు ఒరిగింది. అవతల ఎవరూ జరగలేదు. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, పలక కుదుటపడే దాకా నాకు నేనే నిలబడ్డాను. తరవాత తుడవడం మొదలుపెట్టాను.